ఉప్పు డబ్బా మీద ఒక కన్ను: పెద్దల రక్తపోటు, రక్తనాళాలు, మన వంటిల్లు

మన సొసైటీ ఉచిత వైద్య శిబిరంలో ఆదివారాలు కూర్చోవడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది అరవై దాటినవారే. కిందటి రంజాన్ పండుగ అయిన కొద్ది రోజులకు ఒక పెద్దావిడ వచ్చారు. వయసు డెబ్బై రెండు. రక్తపోటు చూస్తే 172/78 ఉంది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశాను. పెద్దగా తేడా లేదు.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా అమ్మా?" అని అడిగాను. "ఒక్క రోజు కూడా మానలేదు డాక్టర్ సాబ్" అంటూ కొంగు ముడి విప్పి ఖాళీ అట్టలు చూపించారు. లెక్క సరిపోయింది. మరి భోజనం ఏమిటని అడిగితే ఆవిడ నవ్వి, "పళ్లు లేవు కదా, కూర నమలలేను. రెండు పూటలా మెత్తటి అన్నం, ఆవకాయ గుజ్జు. అప్పుడప్పుడు ఒక అప్పడం. అవీ మీరు పంచిన సంచిలోవే, అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి" అన్నారు.

ఆ సంచి రంజాన్ నెలలో మనం పేద కుటుంబాలకు పంచే సరుకుల సంచి. బియ్యం, కందిపప్పు, నూనె, చక్కెర, సేమియా, ఖర్జూరాలతో పాటు ఒక పచ్చడి సీసా, ఒక అప్పడాల కట్ట కూడా అందులో ఉన్నాయి. ఆ జాబితా తయారు చేసినవారిలో నేనూ ఉన్నాను. ఆమెకు ఒక చేత్తో రక్తపోటు మాత్ర రాసి ఇస్తూ, ఇంకో చేత్తో రక్తపోటు పెంచే వస్తువు ఇచ్చామన్నమాట. ఈ సంవత్సరం సంచికకు ఏదైనా ఆరోగ్య వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పచ్చడి సీసాయే.

పెద్ద వయసులో ఆహారం రక్తపోటును, రక్తనాళాలను ఎలా మారుస్తుందో, దాన్ని మన ఇళ్లలో, మన దానంలో ఎలా సరిదిద్దుకోవచ్చో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వయసుతో పాటు రక్తనాళం ఎలా మారుతుంది?

గుండె నుంచి శరీరమంతటికీ రక్తాన్ని మోసుకెళ్లే గొట్టాలను ధమనులు అంటాం. యౌవనంలో ఇవి రబ్బరు గొట్టాల్లా సాగుతాయి. గుండె రక్తాన్ని నెట్టినప్పుడు కొంచెం ఉబ్బి, ఆ దెబ్బను తామే తట్టుకుంటాయి. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో మళ్లీ ముడుచుకుని రక్తాన్ని ముందుకు పంపుతాయి. ఈ సాగే గుణం ఇచ్చేది గోడల్లోని ఎలాస్టిన్ అనే పదార్థం. ఏళ్లు గడిచేకొద్దీ ఎలాస్టిన్ అరిగి, దాని స్థానంలో బిరుసైన కొల్లాజెన్ పెరుగుతుంది. ఎండకు ఎండిన తోట పైపులాగా గొట్టం గట్టిపడుతుంది.

గట్టిపడిన గొట్టంలోకి గుండె అదే జోరుతో రక్తాన్ని నెడితే ఒత్తిడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది పై అంకె. గొట్టం తిరిగి ముడుచుకోలేదు కాబట్టి విశ్రాంతి సమయంలో ఒత్తిడి పడిపోతుంది. అది కింది అంకె. అందుకే అరవై దాటినవారిలో పై అంకె 170 ఉండి కింది అంకె 78 దగ్గరే ఉండటం తరచుగా చూస్తాం. "కింది అంకె బాగానే ఉంది కదా" అని చాలామంది ఊరట చెందుతారు. అది పొరపాటు. పెద్ద వయసులో పక్షవాతానికి, గుండెపోటుకు, గుండె బలహీనతకు దారి చూపేది ముఖ్యంగా పై అంకె. రెండు అంకెల మధ్య దూరం ఎక్కువగా ఉండటం నాళాలు బిరుసెక్కాయనడానికి గుర్తు.

రెండో మార్పు నాళం లోపలి పొరలో వస్తుంది. చాలా పలుచనైన ఈ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేసి నాళాన్ని సడలిస్తుంది. ఎక్కువ రక్తపోటు, పొగాకు, షుగరు వ్యాధి ఈ పొరను గాయపరుస్తాయి. గాయపడిన చోట చెడు కొలెస్ట్రాల్ లోపలికి దూరి, కొవ్వు దిమ్మలుగా పేరుకుంటుంది. అంటే రక్తపోటు నాళాన్ని పాడు చేస్తుంది, పాడైన నాళం రక్తపోటును ఇంకా పెంచుతుంది. ఈ గొలుసును తెంపడానికి మాత్రలు అవసరం. వాటికి తోడుగా పళ్లెం కూడా మారాలి.

ఉప్పు చేసే పని

ఉప్పులో ఉండే సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు ఎక్కువ తిన్న రోజు దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాం, ఆ నీరు రక్తంలో చేరుతుంది. అదనపు సోడియాన్ని మూత్రపిండాలు బయటికి పంపాలి. యౌవనంలో ఆ పని సులువుగా జరుగుతుంది. వయసు మీదపడితే మూత్రపిండాల చురుకు తగ్గుతుంది, గట్టిపడిన నాళాలు అదనపు రక్తానికి చోటివ్వలేవు. అందుకే పాతికేళ్ల మనవడు, డెబ్బై ఏళ్ల నానీ ఒకే కూర తిన్నా, ఆ ఉప్పు నానీ రక్తపోటునే ఎక్కువగా పెంచుతుంది.

దీనికి తోడు పెద్దవారిలో నాలుక రుచి మందగిస్తుంది. కూర చప్పగా ఉందంటారు. కోడలు ఇంకొంచెం ఉప్పు వేస్తుంది. ఇది ఎవరి తప్పూ కాదు, కానీ ఇంట్లో ఉప్పు ఇలాగే పెరుగుతూ పోతుంది.

పెద్దవారు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఇది సుమారుగా ఒక చిన్న చెంచా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా 5 గ్రాములు దాటవద్దనే చెబుతున్నాయి. మన దేశంలో జరిగిన జాతీయ సర్వేలో సగటున మనిషి రోజుకు 8 గ్రాములు తింటున్నట్టు తేలింది. మగవారు దాదాపు 9 గ్రాములు, ఆడవారు 7 గ్రాములకు కొంచెం పైన.

మీ ఇంటి లెక్క మీరే చూసుకోండి

మన ఇళ్లలో ఉప్పు ఎక్కువగా వంటగదిలోనే పడుతుంది. కాబట్టి లెక్క తెలుసుకోవడానికి ప్రయోగశాల అవసరం లేదు. కిలో ఉప్పు పొట్లం విప్పిన రోజు తేదీని దాని మీదే పెన్నుతో రాయండి. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 25 గ్రాములు. అంటే ఆ పొట్లం కనీసం 40 రోజులు రావాలి. బయట కొనే పచ్చళ్లు, అప్పడాలు, బిస్కెట్లు, బేకరీ సరుకుల్లోని ఉప్పు ఈ పొట్లంలోకి రాదు కాబట్టి నిజానికి 50 రోజులు రావాలి. మీ ఇంట్లో అది పాతిక రోజులకే అయిపోతుంటే, ఇంట్లో పెద్దల రక్తపోటు ఎందుకు దిగడం లేదో అర్థమవుతుంది.

కొన్న సరుకుల విషయంలో పొట్లం వెనక అచ్చేసిన పట్టీ చదవండి. అక్కడ ఉప్పు అని కాక సోడియం అని ఉంటుంది. ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. ఉదాహరణకు 100 గ్రాముల పచ్చడిలో 4,000 మిల్లీగ్రాముల సోడియం ఉందని రాసి ఉంటే, అందులో 10 గ్రాముల ఉప్పు ఉన్నట్టు. పూటకు 30 గ్రాముల చొప్పున రెండు పూటలా ఆ పచ్చడి కలుపుకుంటే 6 గ్రాములు. అన్నం, పప్పు, కూర లెక్కలోకి రాకముందే రోజు కోటా దాటిపోయింది. మన పెద్దావిడ పరిస్థితి సరిగ్గా ఇదే.

ఎండు చేపలు, ఎండు రొయ్యలు, ఊరమిరపకాయలు, వడియాలు, చిప్స్, మిక్స్చరు, నూడుల్స్ పొట్లంలోని మసాలా, సీసాల్లోని సాస్‌లు, చాయ్‌తో తినే ఉప్పు బిస్కెట్లు అన్నీ ఈ లెక్కలోవే. తీపి బిస్కెట్లలో, బ్రెడ్డులో, బన్నులో కూడా ఉప్పు ఉంటుంది. కడుపు ఉబ్బరానికి నీళ్లలో కలుపుకుని తాగే వంటసోడాలో, పొంగే పొడుల్లో కూడా సోడియం ఉంది. ఒక చెంచా వంటసోడాలో 1,200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. అది మూడు గ్రాముల ఉప్పుతో సమానం. రోజూ సోడా తాగే అలవాటున్న పెద్దలు దాన్ని మానాలి.

రెండు అపోహలు మన ఇళ్లలో గట్టిగా ఉన్నాయి. ఒకటి, పచ్చి ఉప్పే చెడ్డది, వేయించిన ఉప్పు మంచిదని. వేయించినంత మాత్రాన సోడియం పోదు. రెండోది, సైంధవ లవణం రక్తపోటుకు మేలని. అది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. పైగా అయోడిన్ కలపనిదైతే ఆ లాభమూ పోతుంది.

తగ్గించడమే కాదు, చేర్చడం కూడా

ఉప్పు తగ్గించడం సగం పని మాత్రమే. సోడియానికి ఎదురు నిలిచేది పొటాషియం. ఇది మూత్రం ద్వారా సోడియం బయటికి పోవడానికి, నాళాలు సడలడానికి తోడ్పడుతుంది. పప్పుల్లో, ఆకుకూరల్లో, టమాటాలో, చిలగడదుంపలో, అరటి, జామ, బత్తాయి పండ్లలో, పెరుగులో ఇది దొరుకుతుంది.

అమెరికాలో 459 మందిపై జరిగిన డాష్ అనే పరిశోధన ఫలితాలు 1997లో వచ్చాయి. ఉప్పు మోతాదు మార్చకుండానే కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాల పదార్థాలు పెంచి, మాంసపు కొవ్వు, తీపి తగ్గించారు. ఎనిమిది వారాల్లో, రక్తపోటు ఉన్నవారిలో పై అంకె మామూలు తిండి తిన్నవారికంటే 11 పాయింట్లకు పైగా ఎక్కువ తగ్గింది. ఒక మాత్ర చేసే పనికి ఇది దగ్గరగా ఉంటుంది. 2001లో వచ్చిన రెండో పరిశోధనలో ఇదే ఆహారానికి ఉప్పు తగ్గింపు కూడా తోడైతే ఫలితం ఇంకా మెరుగైంది.

ఇది విదేశీ పద్ధతి కదా, మనకెలా కుదురుతుందని అనిపించవచ్చు. నిజానికి మన వంటింట్లోనే ఈ పద్ధతి ఉంది. సొరకాయ వేసిన దాల్చా, ఖట్టీ దాల్, పాలకూర పప్పు, మెంతికూర, తోటకూర, బీరకాయ, పల్చటి మజ్జిగ, జొన్న రొట్టె మన పెద్దలు ఎప్పుడూ తిన్నవే. గోంగూరలో మాంసం వండేటప్పుడు మాంసం సగం చేసి ఆకు రెట్టింపు చేస్తే చాలు, అది రక్తనాళాలకు మేలు చేసే కూర అవుతుంది. ఆకుకూరల్లో సహజంగా ఉండే నైట్రేట్లు శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారతాయి. ముందు చెప్పిన నాళపు లోపలి పొరకు కావలసింది అదే. జాతీయ పోషకాహార సంస్థ కూడా పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలని చెబుతోంది. మన పళ్లెంలో ఇప్పుడు ఆ సగం అన్నమే ఆక్రమించింది.

పళ్లు లేని పెద్దలకు ఆకుకూర మెత్తగా ఉడికించి పప్పులో ఎనిపి పెట్టాలి. పెసరపప్పు కిచిడీలో సొరకాయ, క్యారెట్ తురిమి వేయవచ్చు. మగ్గిన బొప్పాయి, అరటిపండు నమలనక్కరలేదు. పెద్దలకు మాంసకృత్తులు తగ్గకూడదు. కండ కరిగితే నడక తడబడి పడిపోతారు. పప్పు, గుడ్డు, చేప, పెరుగు రోజూ ఏదో ఒక రూపంలో అందాలి.

కొవ్వు, నూనె, మాంసం

బిర్యానీ మానేయాలా అని ప్రతి శిబిరంలో ఎవరో ఒకరు అడుగుతారు. పెళ్లిలో, పండుగకు తినే ఒక పళ్లెం బిర్యానీ ఎవరి నాళాలనూ మూసేయదు. వారంలో నాలుగు రోజులు వేటమాంసం, పైన తేలే నూనె, పాయా, నిహారీ, మలాయి కలిపిన చాయ్ అయితేనే ముప్పు. జంతువుల కొవ్వులో, నెయ్యిలో, పామాయిల్‌లో ఉండే గడ్డకట్టే రకం కొవ్వు రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. వండేముందు మాంసం మీది కొవ్వు కోసేయడం, సూపు చల్లారాక పైన పేరుకున్న కొవ్వు తీసేయడం, కోడి చర్మం వదిలేయడం ఖర్చులేని జాగ్రత్తలు.

వనస్పతి సంగతి వేరు. నూనెను కృత్రిమంగా గడ్డకట్టించినప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు నాళాలకు అన్నిటికంటే హానికరం. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతం దాటకూడదని నిబంధన వచ్చింది. అయినా పెద్ద మంటమీద మళ్లీ మళ్లీ కాచిన నూనెలో హానికర పదార్థాలు పుడుతూనే ఉంటాయి. ఇఫ్తార్ వేళ బండి మీద నల్లబడిన నూనెలో తేలే సమోసా, మిర్చి బజ్జీ పెద్దలకు వద్దు.

మంచి కొవ్వులూ ఉన్నాయి. స్పెయిన్‌లో 55 నుంచి 80 ఏళ్ల వయసున్న దాదాపు 7,400 మందిపై జరిగిన ప్రెడిమెడ్ పరిశోధనలో, కూరగాయలు, పప్పులు, చేపలతో పాటు ఆలివ్ నూనె గానీ గింజలు గానీ ఎక్కువగా తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి సుమారు 30 శాతం తక్కువగా కనిపించాయి. మనకు ఆలివ్ నూనె ఖరీదు. ఆ పద్ధతి నుంచి మనం తీసుకోగలిగింది గింజలు, పప్పులు, చేపలు. ఉప్పు వేయకుండా వేయించిన గుప్పెడు పల్లీలు, నువ్వులు, అవిసె గింజల పొడి అందరికీ అందుతాయి. పళ్లు లేనివారికి పల్లీలను పొడి చేసి పెరుగులో కలపవచ్చు.

పొటాషియం కలిపిన ఉప్పు

ఇటీవలి పరిశోధనల్లో పెద్దలకు నేరుగా సంబంధించినది ఒకటి చైనా పల్లెల్లో జరిగింది. 600 గ్రామాల్లో దాదాపు 21,000 మందిని ఎంచుకున్నారు. అందరూ పక్షవాతం వచ్చినవారో, లేదా అరవై దాటి రక్తపోటు అదుపులో లేనివారో. సగం గ్రామాలకు మామూలు ఉప్పుకు బదులు, నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు ఐదేళ్ల తరవాత ఆ గ్రామాల్లో పక్షవాతాలు 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. వాళ్లు వండుకునే కూరలు మారలేదు, ఉప్పు డబ్బా మాత్రమే మారింది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంట్లో ఉప్పు వాడేవారు ఇలాంటి ఉప్పుకు మారవచ్చని సూచించింది.

అయితే ఒక గట్టి హెచ్చరిక. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ ఉప్పు వాడకూడదు. శరీరంలో పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ప్రాణాపాయం. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మాత్రలు, ముఖ్యంగా టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటివి, శరీరంలో పొటాషియాన్ని నిలుపుతాయి. ఇవి వాడేవారు, షుగరు చాలా ఏళ్లుగా ఉన్నవారు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించుకుని, వైద్యుడు సరేనన్నాకే ఈ ఉప్పు తెచ్చుకోవాలి. గర్భిణులకు, పిల్లలకు ఇది సూచించలేదు. ఇంట్లో అందరికీ ఒకే కూర వండుతారు కాబట్టి ఇంట్లో ఒక్కరికి కిడ్నీ జబ్బు ఉన్నా డబ్బా మార్చకండి. మామూలు అయోడిన్ ఉప్పునే తగ్గించి వాడండి.

ఉప్పు ఎలా తగ్గించాలి?

ఒక్కసారిగా చప్పిడి తిండి పెడితే పెద్దలు అన్నం మానేస్తారు. అది ఇంకా ప్రమాదం. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ పోతే రెండు మూడు నెలల్లో నాలుక అలవాటు పడుతుంది. తగ్గిన ఉప్పు స్థానాన్ని పులుపు, ఘాటు, వాసన నింపాలి. చింతపండు, నిమ్మరసం, అల్లం, వెల్లుల్లి, మిరియాలు, వేయించిన జీలకర్ర, పుదీనా, కొత్తిమీర ఇందుకే. అన్నం వండేటప్పుడు, రొట్టె పిండి కలిపేటప్పుడు ఉప్పు వేయకండి. దస్తర్‌ఖాన్ మీద ఉప్పు గిన్నె పెట్టకండి. పచ్చడి కావాలంటే వారానికి ఒకటి రెండు సార్లు, గోరంత. రోజూ నంజుకోవడానికి ఉప్పు తక్కువ వేసి అప్పటికప్పుడు నూరిన పుదీనా, టమాటా, కొబ్బరి చట్నీ మేలు.

అన్నిటికంటే ముఖ్యం, పెద్దలకు విడిగా చప్పిడి గిన్నె పెట్టవద్దు. అది వారికి శిక్షలా అనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ అదే కూర తినాలి. నలభై ఏళ్ల కొడుకు నాళాలు కూడా ఇప్పుడే బిరుసెక్కడం మొదలవుతున్నాయి.

పెద్దలకు కొన్ని జాగ్రత్తలు

ఆహారం మార్చాం కదా అని మాత్ర మానకూడదు. తిండి మార్పుతో రక్తపోటు దిగితే వైద్యుడే మోతాదు తగ్గిస్తారు. రుకూ, సజ్దాల నుంచి లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నా, కడుపునిండా తిన్నాక నిలబడితే తూలుతున్నా తప్పక చెప్పండి. నిలబెట్టి రక్తపోటు చూడాల్సి ఉంటుంది. అంతవరకు కుర్చీ మీద నమాజు చేసుకోవచ్చు, ఒకేసారి ఎక్కువ తినకుండా కొంచెం కొంచెంగా తినవచ్చు. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ తగిలిన రోజుల్లో ఉప్పు నియమం పట్టుకుని కూర్చోవద్దు. ఆ రోజుల్లో మాత్రల గురించి వెంటనే అడగాలి.

మోకాళ్ల నొప్పులకు దుకాణంలో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తిండి ఎంత మార్చినా అంకె దిగకపోతే ఈ మాత్రల సంగతి కూడా చూడాలి.

రంజాన్ నెలకు రెండు మూడు వారాల ముందే వైద్యుణ్ణి కలవండి. రోజుకోసారి వేసుకునే చాలా మాత్రలను సెహ్రీకి గానీ ఇఫ్తార్‌కు గానీ మార్చే వీలుంటుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రల విషయంలో ప్రత్యేక శ్రద్ధ కావాలి. సెహ్రీలో పచ్చడి, అప్పడం, రాత్రి మిగిలిన ఉప్పు కూర తింటే పగలంతా దాహం తప్పదు. జొన్న రొట్టె, పెరుగు, పప్పు, అరటిపండు నిలకడగా ఉంచుతాయి. వ్యాధిగ్రస్తులకు ధర్మం సడలింపు ఇచ్చింది. వైద్యుడు వద్దన్నప్పుడు ఆ సడలింపును వాడుకోవడానికి పెద్దలు మొహమాటపడనక్కరలేదు.

దాతలకు ఒక విన్నపం

మన సంఘంలో దాతలు ఎప్పుడూ వెనకాడలేదు. కాబట్టి కొత్తగా డబ్బు అడగడానికి కాదు, ఇస్తున్న డబ్బును ఎటు మళ్లించాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సరుకుల సంచిలో పచ్చడి సీసా, అప్పడాల కట్ట స్థానంలో పల్లీలు, శనగలు, పెసరపప్పు పెడదాం. వనస్పతి, పామాయిల్ బదులు వేరుశనగ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ ఇద్దాం, పరిమాణం కొంచెం తగ్గినా ఫరవాలేదు. బియ్యంలో కొంత భాగం జొన్నపిండి, రాగిపిండి కావచ్చు. చక్కెర ఒక కిలో తగ్గించి ఆ డబ్బుతో చింతపండు, మిరియాలు, జీలకర్ర చేర్చవచ్చు. ఖర్జూరాలు ఉండనే ఉంటాయి. షుగరు ఉన్నవారికి ఒకటి రెండు చాలని సంచిలో ఒక చీటీ వేద్దాం. పొటాషియం ఉప్పును మాత్రం సంచిలో పెట్టవద్దు. ఎవరి ఇంట్లో ఎవరికి కిడ్నీ జబ్బు ఉందో మనకు తెలియదు.

సామూహిక ఇఫ్తార్ వండే వంటమనిషితో కూర్చుని ఉప్పును కొలత పెట్టి వేయిద్దాం. దోసిలితో వేసే అలవాటు పోతే చాలు. సమోసాల ఖర్చులో సగం పండ్లకు మళ్లిద్దాం. శిబిరానికి చేతికి చుట్టే మంచి రక్తపోటు యంత్రం ఒకటి, సన్న చేతులకు, లావు చేతులకు సరిపడే రెండు పట్టీలు కొంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. రక్తపోటు మాత్రలు ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. అక్కడి వరకు వెళ్లలేని వృద్ధులకు ఆటో ఛార్జీ ఇవ్వడం కూడా గొప్ప సహాయమే.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. ఆవిడ పచ్చడి సీసాను పూర్తిగా మానలేదు. "జుమ్మా రోజు ఒక్కసారి తింటాను, దానికి ఒప్పుకోండి" అన్నారు. ఒప్పుకున్నాను. మిగతా రోజులు పాలకూర పప్పు, మజ్జిగ అన్నం. కోడలు ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించింది. మాత్ర మార్చలేదు. రెండు నెలల తరవాత చూస్తే పై అంకె 150 దగ్గర ఉంది. ఇంకా దిగాలి, దింపుతాం. ఒక్క మనిషి అంకెతో శాస్త్రం తేలదని నాకు తెలుసు. కానీ వేల మందిపై తేలిన విషయమే ఆవిడ ఇంట్లో కూడా కనిపించింది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "వచ్చే రంజాన్ సంచిలో పచ్చడి ఉండదా డాక్టర్ సాబ్?" అని అడిగారు. ఉండదని చెప్పాను. ఆ మాట నిలబెట్టుకోవడం ఇప్పుడు మనందరి చేతుల్లో ఉంది. మన పెద్దల చేతులు మన తలల మీద ఇంకా చాలా ఏళ్లు ఉండాలని, వారికి ఆరోగ్యంతో కూడిన ఆయుష్షు దక్కాలని ఆ అల్లాహ్‌ను వేడుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.